వెనక సంగతి కండక్టరుది

కొత్తగా బస్సు నడపడంలో చేరిన పిల్లలు నన్ను ఎక్కడ కలిసినా ఒకే మాట అడుగుతారు. ఇన్నేళ్ళలో ఒక్క యాక్సిడెంటు కూడా లేకుండా ఎట్లా నడిపారు సార్ అని. నేను మీసం సవరించుకుని, చూపు ఎప్పుడూ ముందుండాలి నాయనా అంటాను. అది అబద్ధం కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు గద్వాల చుట్టుపక్కల ఎర్రబస్సు నడిపాను, నా చూపు ఎప్పుడూ ముందే ఉండేది. వాళ్ళకు చెప్పని సంగతి ఇంకొకటుంది. నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు. ముందు సంగతి నాది, వెనక సంగతి కండక్టరుది. ఆయన ఒక విజిల్ వేస్తే ఆపాలి, రెండు వేస్తే కదలాలి. అంతకు మించి నా బుర్రకు పని పెట్టేవాణ్ణి కాదు. ఈ అలవాటు నన్ను ఎక్కడి దాకా తీసుకుపోయిందో మీకు చెప్పాలి. నవ్వుకున్నా ఫరవాలేదు.

నాతో పదకొండేళ్ళు ఒకే బస్సులో పనిచేసిన కండక్టరు ఒకాయన ఉన్నాడు. మాది గద్వాలే, వాళ్ళదీ గద్వాలే. వయసులో నాకంటే రెండేళ్ళు చిన్న. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన అన్నా అనేవాడు. మనిషి బక్కపలచన, మాట మాత్రం పదును. జాతర రోజు బస్సులో కాలు పెట్టే సందు లేకపోయినా ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు తిరిగి టికెట్లు కొట్టేసేవాడు. సర్వీసులో ఒక్క మచ్చ లేదు. ఒక ఏడాది డిపోలో ఉత్తమ కండక్టరుగా ఆయన పేరు ఖాయం చేశారు. పంద్రాగస్టు నాడు సర్టిఫికెట్ ఇస్తారని తెలిసిన సాయంత్రమే ఇంటికి పోయి ముందరి గదిలో గోడకు మేకు కొట్టేశాడు. ఫ్రేము ఎప్పుడొచ్చినా మేకు సిద్ధంగా ఉండాలి గదా అన్నాడు.

మేకు కొట్టిన వారానికే శ్రీరంగాపూర్ స్టేజీ దగ్గర ఆ పని జరిగింది.

వనపర్తి నుంచి శ్రీరంగాపూర్, పెబ్బేరు మీదుగా గద్వాలకు వచ్చే ట్రిప్పు. గుడికి వచ్చినవాళ్ళు దిగుతున్నారు, మొక్కు తీర్చుకున్నవాళ్ళు ఎక్కుతున్నారు. బస్సు టాపు మీద ఒకామె కుట్టుమిషను ఉంది. భాయ్ దాన్ని దింపి, రోడ్డు పక్క దాకా మోసుకుపోయి ఆమెకు అప్పజెబుతున్నాడు. నేనేమో నా పక్కన బానెట్ మీద కూర్చున్న ఒక పెద్దమనిషితో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతున్నాను. ఆయన జిల్లేడాకు కట్టు అంటాడు, నేను వేడి ఆముదం అంటాను. మాట మీద మాట పెరిగింది. ఆ ఊపులో కాలు క్లచ్ మీద పడింది, చెయ్యి గేరు మీద పడింది, బస్సు కదిలింది.

పెబ్బేరు దాకా హాయిగా వచ్చాను. ముందున్నవాళ్ళు కండక్టరు వెనక ఉన్నాడనుకున్నారు, వెనకున్నవాళ్ళు ముందున్నాడనుకున్నారు. పెబ్బేరు దగ్గర చెకింగ్ వాళ్ళు బస్సాపి ఎక్కారు.

"కండక్టరేడి?" అన్నాడు చెకింగ్ సారు.

"వెనక ఉన్నడు సార్," అన్నాను.

"ఏ, లేడు సార్, ముందల ఉన్నడు," అంది వెనక నుంచి ఒకామె.

ఆ సారు బస్సంతా తిరిగి, అనుమానం తీరక సీట్ల కింద కూడా వంగి చూశాడు. నలభై నిమిషాల తర్వాత భాయ్ వడ్ల బస్తాల ట్రాక్టరు మీద నిలబడి వచ్చాడు, చంకలో టికెట్ల పెట్టె పెట్టుకుని. నా వైపు ఒకసారి చూశాడు. పెట్టె విప్పి టికెట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

మా కొలువులో తప్పు జరిగితే ఒక కాగితం చేతికిస్తారు. కారణం రాసివ్వాలి. ఆ కాగితం ముందు పెట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులు అని రాయలేను గదా. చివరకు ఇట్లా రాశాను: "కండక్టరు వద్దనుండి రెండు విజిళ్ళు వినపడినందున బస్సును కదిలించితిని." నిజానికి రెండు కాదు, సగం విజిల్ కూడా వినపడలేదు. ఆ ఒక్క వాక్యంతో తప్పంతా ఆయన నెత్తిన పడింది. తాను ఎక్కకుండానే రైట్ కొట్టిన కండక్టరు అయ్యాడు. ఆయనకు చార్జి మెమో వచ్చింది, సర్టిఫికెట్ ఇంకొకాయనకు పోయింది.

నా భయమల్లా ఆయన ఎదురు రాస్తాడేమోనని. నేను విజిల్ వెయ్యలేదు, డ్రైవరు అబద్ధమాడుతున్నాడు అని ఒక్క ముక్క రాస్తే నా పని ఖతం. ఆయన రాయలేదు. "ఇకముందు ఇట్లు జరుగకుండ చూసుకొందును" అని ఒక్క లైను రాసి సంతకం పెట్టాడట. ఎంత పెద్ద మనసు! ఆ పెద్ద మనసే నన్ను లోపల్లోపల తినేసింది. నలుగురిలో నన్ను నాలుగు తిట్టినా అన్నం సయించేది.

ఆ రోజు నుంచి రెండు మార్పులు వచ్చాయి. అన్నా అనే పిలుపు పోయి డ్రైవర్ సాబ్ వచ్చింది. రెండోది, ఆయన విజిల్‌కు నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాడు. డ్యూటీలోనే కాదు, పెళ్ళికొచ్చినా, కూరగాయలకు పోయినా అంగీ లోపల అది ఉండేది. నన్ను గుచ్చడానికే వేసుకున్నాడని నా నమ్మకం. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు దగ్గరికి పోయాను. ఆ నల్లదారం కనబడగానే మాట మార్చి వచ్చేసేవాణ్ణి. అట్లాగే ఇరవై ఏళ్ళు గడిచాయి, ఇద్దరం రిటైరయ్యాం. ఒకసారి ఆయనకు జ్వరమొస్తే చూడ్డానికి పోయాను. ముందరి గదిలో ఆ మేకు అట్లాగే ఉంది. దానికి గొడుగు వేలాడుతోంది.

ఇక అసలు కథ. మొన్నటి చలికాలంలో ఒక పొద్దున ఆయనే మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కరపత్రం ఉంది. మోటార్ సైకిళ్ళ పోటీ, మూడు రోజులు. గద్వాలలో బయలుదేరి వనపర్తి, నాగర్‌కర్నూల్ తిరిగి మళ్ళీ గద్వాలకు రావాలి. కొత్త బండ్లకు ఒక తరగతి, ముప్పై అయిదేళ్ళు దాటిన పాత బండ్లకు వేరే తరగతి. పాత బండికి ఇద్దరుండాలి. ఒకరు నడపాలి, ఒకరు వెనక కూర్చుని దారి కాగితం చదవాలి.

"మా అన్న బండి ఉన్నది. ఇంక మంచిగనే స్టార్టయితది. నాకు నడప రాదు," అన్నాడు.

వాళ్ళ అన్న బతికుండగా ఆ బండి మీద గాజుల పెట్టెలు కట్టుకుని ఊరూరి సంతలకు తిరిగేవాడు. రెండు సైలెన్సర్ల బండి. కిక్కు కొట్టే కడ్డీనే కిందికి తిప్పితే గేరు అవుతుంది. వెనక రెండు పక్కలా గాజుల పెట్టెల ఇనుప చట్రాలు ఇంకా అట్లాగే ఉన్నాయి.

"గద్వాలల ఇంతమంది డ్రైవర్లుండంగ నన్నే ఎందుకు పిలుస్తున్నవు భాయ్?" అన్నాను.

"మీరు నన్ను ఒకసారి విడిచిపెట్టి పోయిన్రు, డ్రైవర్ సాబ్. ఎంత లేదన్న రెండోసారి విడిచిపెట్టరు. కొత్తోణ్ణి నమ్ముకుంటే వాడు మొదటిసారి విడిచిపెట్టేది నాతోనే షురూ జేస్తడు."

ఆయన కరపత్రం అడుగున వేలు పెట్టి చూపించాడు. పోటీ పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ పేరు రాసిన సర్టిఫికెట్, ఫ్రేము కట్టించి ఇస్తారట. నాకు వెంటనే ఆ గొడుగు వేలాడుతున్న మేకు కళ్ళ ముందు మెదిలింది. ఈయనకు పోయిన సర్టిఫికెట్ తెచ్చిపెట్టాలి, ఈ మూడు రోజుల్లో ఎక్కడో ఒకచోట ఆ నిజం కూడా చెప్పేయాలి అనుకున్నాను. వస్తానన్నాను. లోపల నుంచి మా ఆవిడ, "మోకాళ్ళు నీయి, బండి ఆయనది, పరేషాన్ నాది" అంది.

మొదటి రోజు పొద్దున గద్వాల మైదానంలో చూడాలి ఆ సంబరం. కొత్త బండ్ల పిల్లలు మోకాళ్ళకు, మోచేతులకు, ఛాతీకి ప్లాస్టిక్ డొప్పలు కట్టుకుని వచ్చారు. పాత బండ్ల వాళ్ళు పెద్ద ఊళ్ళ నుంచి వచ్చిన మారాజులు. తోలు కోట్లు, అద్దంలా మెరిసే బండ్లు. మేము ఖాకీ ప్యాంట్లు వేసుకుని, ఒక గాజుల చట్రంలో పానాల సంచి, ఇంకోదాంట్లో ఆయిలు డబ్బా పెట్టుకుని, మా ఇద్దరి మధ్య సీటు మీద భాయ్ పాత తోలు సంచి కట్టుకుని వరుసలో నిలబడ్డాం. ఆ సంచిలో ఏముంది భాయ్ అంటే, సద్ది అన్నాడు.

ఈ పోటీ పేరు ఎండ్యూరో. అందరూ అనుకున్నట్టు ముందెవరు వచ్చారన్న పందెం కాదు. పొలాల గట్లు, రాళ్ళు, వాగులు దాటుకుంటూ దారిలో ఒక్కో చెక్‌కు, అంటే గడియారం పట్టుకుని టైము రాసుకునే చోటికి, కాగితం మీద రాసిన నిమిషానికి చేరాలి. ఆలస్యమైతే నిమిషానికి ఒక పాయింటు కోత. ముందొస్తే నిమిషానికి రెండు. ఇది విని తోలు కోట్ల వాళ్ళు తలలు పట్టుకున్నారు. భాయ్ మాత్రం నా చెవిలో, "ఇది పోటీ ఏంది డ్రైవర్ సాబ్, ఇది డ్యూటీ గదా" అన్నాడు.

డ్యూటీ అనుకోవడమే మా కొంప ముంచబోయింది. మల్దకల్ దారిలో రెండు పక్కలా జనం నిలబడి చేతులెత్తి కేకలు వేస్తున్నారు. రోడ్డు పక్క ఎవరైనా చెయ్యెత్తితే నా కాలు బ్రేకు మీదికి దానంతట అదే పోతుంది. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు అది. మొదటి నాలుగు కిలోమీటర్లలో మూడుసార్లు ఆపాను. నాలుగోసారి పల్లికాయ మూటతో ఒక ముసలామె నిలబడి ఉంది. ఆపగానే మూట తెచ్చి నా ముందర పెట్రోలు ట్యాంకు మీద పెట్టింది.

"మల్దకల్ పోతదా కొడుకా?"

"జాగ లేదు అవ్వా, ఎనక బండికి రా," అన్నాడు భాయ్, ఆయనకు కూడా అలవాటే.

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "నువ్వు ఎర్రబస్సోనివి గదా? బస్సేమాయె?"

"రిటైరయిన అవ్వా."

"గందుకే చిన్నది ఇచ్చిన్రా?" అని నా మీద జాలిపడి మూట దించుకుంది.

ఆ తర్వాత ఒప్పందం చేసుకున్నాం. ఎవరు చెయ్యెత్తినా ఆపేది లేదు, భాయ్ విజిల్ వేస్తేనే ఆపాలి. అక్కడి నుంచి బండి దారిలో పడింది. మా ఇద్దరికీ ఆ మూడు జిల్లాల్లో ఏ మలుపు నుంచి ఏ ఊరు ఎన్ని నిమిషాలో నిద్రలో లేపి అడిగినా తెలుసు. తోలు కోట్ల వాళ్ళు దుమ్ము లేపుకుంటూ పోయి చెక్ దగ్గర ముందే దిగబడి పాయింట్లు పోగొట్టుకునేవారు. మేము చెక్‌కు అరకిలోమీటరు ముందు ఆగి, నీడ చూసుకుని సద్ది విప్పేవాళ్ళం. భాయ్ గడియారం చూసి, "ఇంక ఏడు నిమిషాలున్నయ్, ఇంకో రొట్టె తినుండ్రి" అనేవాడు. ఉప్పునుంతల చెక్ దగ్గర మేము నిమిషం ముల్లు మీద ముల్లు పెట్టినట్టు పోయేసరికి, గడియారం పట్టుకున్న అమ్మాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రెండో రోజు సాయంత్రం నాగర్‌కర్నూల్‌లో బోర్డు మీద పాత బండ్ల వరుసలో మొదటి పేర్లు మావి. భాయ్ ఆ బోర్డు దగ్గరికి మూడుసార్లు పోయి చూసి వచ్చాడు. ఆ పూట చాయ్ తనే తెచ్చిచ్చాడు.

రెండు రోజులయ్యింది, నిజం మాత్రం నా నోట్లోనే ఉంది.

మూడో రోజు పొద్దున దారి కాగితం ఇచ్చారు. భాయ్ చదివాడు. వనపర్తి, ఆ తర్వాత శ్రీరంగాపూర్. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే, ఇక మాట లేదు. వనపర్తి దాటాం, పలకడు. శ్రీరంగాపూర్ స్టేజీ వచ్చింది. అదే మలుపు, అదే గుడి దారి. నేను తల తిప్పకుండా ముందుకే చూస్తూ దాటించాను. వెనక నుంచి ఒక పెద్ద నిట్టూర్పు మాత్రం వినపడింది.

స్టేజీ దాటాక దారి రోడ్డు వదిలి వాగులోకి దిగింది. నీళ్ళు లేవు, అంతా ఇసుక. నడిమధ్యన బండి ఇరుసు దాకా దిగబడి ఆగిపోయింది. భాయ్ దిగి వెనక నుంచి తొయ్యడం మొదలుపెట్టాడు, విజిల్ పళ్ళ మధ్య పట్టుకుని. నేను కిక్కు మీద కిక్కు కొడుతున్నాను. ఒడ్డు మీద కలుపు తీసే ఆడవాళ్ళు, జెండా పట్టుకున్న పోటీ వలంటీరు నిలబడి చూస్తున్నారు. ఇరవై కిక్కులకో ముప్పై కిక్కులకో ఇంజను అందుకుంది. పాత బండి, అందుకున్నప్పుడు వదిలితే మళ్ళీ దొరకదు. ఎవరో ఒడ్డు మీద నుంచి "రైట్ రైట్!" అని అరిచారు. అంతే, ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, ఇసుక చిమ్ముకుంటూ ఒడ్డెక్కి, కట్ట మీద పడి పోతూనే ఉన్నాను.

బండి ఎంత సుఖంగా పోతోందో చెప్పలేను. రెండు రోజులు ఎత్తులు ఎక్కడానికి మూలిగిన బండి ఇప్పుడు ఎగిరి పోతోంది. ఇసుకలో పడి లేచాక ఇంజను శుభ్రమయినట్టుంది అనుకున్నాను. నడుముకు సంచి తగులుతోంది. వెనక నుంచి మాట లేదు. పొద్దటి నుంచీ లేదు గనుక నాకు వింతగా అనిపించలేదు. పైగా నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన ముఖం కనబడదు, మెడలో దారం కనబడదు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సందు జన్మలో దొరకదు.

"భాయ్, నీతోని ఒక మాట చెప్పాలె," అన్నాను గట్టిగా, ఇంజను చప్పుడు మీద.

జవాబు లేదు. అలిగాడు, వింటున్నాడు, చాలు అనుకున్నాను.

"ఆ దినం నాకు విజిల్ వినపడలే భాయ్. మోకాళ్ళ నొప్పుల ముచ్చట పెట్టుకుంట బస్సు తీసిన. నా కొలువు పోతదని భయపడి నీ మీద రాసిన. నీ మేకు నేనే ఖాళీ జేసిన. ఇరవై ఏండ్ల సంది నీ ముఖం సక్కగ చూడలేకపోతున్న. తిట్టు భాయ్, నాలుగు తిట్టు, మనసారా తిట్టు."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము వల్ల కాదు. ఎంత దూరం పోయినా జవాబు రాకపోయేసరికి, ఏమంటవు భాయ్ అంటూ ఆయన మోకాలు మీద చెయ్యి వేద్దామని వెనక్కి చాపాను. సంచి తగిలింది. ఇంకాస్త వెనక్కి చాపాను. ఏమీ తగల్లేదు.

బండి ఆపి, నా డ్రైవింగు జీవితంలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను. ఆరు కిలోమీటర్ల కట్ట ఖాళీగా కనబడింది.

ఎంత పరువు తక్కువ పని! ఒకే మనిషిని, అదే ఊరి దగ్గర! బండి తిప్పుకుని వాగు దగ్గరికి పోయాను. భాయ్ లేడు. కలుపు తీసే ఆడవాళ్ళు పని ఆపి నన్ను చూసి నవ్వుతున్నారు.

"ఆయనేడి అమ్మా?"

"నువ్వు బండి లేపంగనే ఇసుకల బోర్ల పడె. లేసి విజిల్ ఊదిండు, ఊదిండు, ఒక్క సప్పుడు రాకపాయె. ఇసుక నిండింది గదా. ఇగ నిన్ను తిట్టుకుంట రోడ్డు మీదికి పోయి బస్సెక్కిండు."

"ఏమని తిట్టిండు?"

"ఉర్దూల తిట్టిండు నాయనా, మాకేం తెల్సు. శానసేపు తిట్టిండు."

మిగిలింది గద్వాలలో ఆఖరి చెక్ ఒక్కటే, మూడున్నరకు. అక్కడి దాకా రోడ్డే. బండిని ఉరికించాను. పెబ్బేరు దాటాక ఎర్రబస్సు కనబడింది, వెనక కిటికీలో ఇసుక పట్టిన తెల్ల జుట్టు. బస్సును దాటుకుని ముందుకు పోయి, బండి పక్కకు ఆపి, రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తాను. నా జీవితంలో ఎర్రబస్సుకు చెయ్యెత్తడం అదే మొదలు. డ్రైవరు పిల్లవాడు మర్యాదస్తుడు, వేగం తగ్గించాడు. లోపల కండక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. అంతలో వెనక సీటు నుంచి విజిల్ మోగింది, ఖంగుమని, రెండుసార్లు. బస్సు నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

ఇసుక ఎప్పుడు దులుపుకున్నాడో మహానుభావుడు! రోడ్డు మీద చెయ్యెత్తి నిలబడిన మనిషిని వదిలేసి బస్సు పోతే ఎట్లా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది. ఏం చేస్తాను, నది మీది వంతెన దాటి గద్వాల దాకా దాని పొగ మింగుకుంటూ వెనకాలే పోయాను.

మైదానం ముందు బస్సు ఆగింది, ఆయన దిగాడు. నేను బండి ఆపాను. ఆయన నా ముఖం చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. మూడున్నరకు సరిగ్గా చెక్ దాటాం.

"బస్సు ఎందుకు ఆపనియ్యలే భాయ్?" అన్నాను.

"బస్సు కరెక్ట్ టైముకు ఉండె. మీకోసం ఆపితే మూడు నిమిషాలు లేట్ అయితుండె," అన్నాడు. అంత కోపంలోనూ లెక్క తప్పలేదు ఆయనకు.

అంతా బాగుందనుకునే లోపు, ఉప్పునుంతలలో చప్పట్లు కొట్టిన ఆ గడియారం అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. వాగు దగ్గరి వలంటీరు వైర్‌లెస్‌లో చెప్పేశాడట, ఈ బండి ఒక్క మనిషితో పోయిందని. బస్సు ఎక్కకూడదని నియమాల్లో లేదు, అటువంటి ఆలోచన ఎవరికీ రాలేదు గనుక. కానీ ఇద్దరూ విడిపోతే ఎందుకు విడిపోయారో రాసివ్వాలి. సామాను చెడిపోవడం వల్ల అయితే పది పాయింట్లు కోత. నడిపేవాడి తప్పయితే జట్టు రద్దు, సర్టిఫికెట్ ఉండదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒకే మాట ఉంది: కారణం.

"అంకుల్, విజిల్ పనిచెయ్యలేదని రాయుండ్రి," అంది ఆ అమ్మాయి మెల్లగా. "పది పాయింట్లు పోయినా మీరే ఫస్టు."

భాయ్ వెంటనే మెడలోంచి విజిల్ తీసి బల్ల మీద తట్టాడు. లోపల మిగిలిన ఇసుక సాక్ష్యం చెప్పడానికన్నట్టు కాగితం పక్కన రాలింది. ఈసారి అది నిజం కూడాను. వాగులో ఆయన ఊదాడు, మోగలేదు. నేను పెన్ను తీసుకున్నాను. విజిల్ అని రాయడానికి పోతే చెయ్యి కదలదు. పాత కాగితం, పాత అబద్ధం, మేకుకు వేలాడే గొడుగు, అన్నీ ఆ ఖాళీ గడిలోనే కనబడుతున్నాయి. ఇంకోసారి ఈయన విజిల్ మీద తప్పు వేయలేను, అది నిజమైనా సరే వేయలేను అనుకున్నాను. ఇట్లా రాశాను: "విజిల్ మోగినా మోగకపోయినా, వెనక మనిషి ఎక్కాడో లేదో చూసుకోవలసింది నేను. చూసుకోలేదు. తప్పు పూర్తిగా నాది." సంతకం పెట్టాను. గుండె మీది బండరాయి దిగినట్టయింది.

ఆ అమ్మాయి చదివి, నా వైపు జాలిగా చూసి, కాగితం తీసుకుపోయింది. పది నిమిషాల్లో బోర్డు మీద మా పేర్లు కొట్టేశారు.

భాయ్ ఆ కొట్టివేత చూశాడు, అమ్మాయి చేతిలోని కాగితం చదివాడు, నా దగ్గరికి వచ్చాడు. కౌగిలించుకుంటాడనుకున్నాను.

"అరె అన్నా! నీకేమన్న బుద్ధి ఉన్నదా?" అని అరిచాడు. "నిజం రాసేటందుకు నీకు గియ్యాల్నే దొరికిందా? గప్పుడు అబద్ధం రాసి నా సర్టిఫికెట్ పోగొడ్తివి. గిప్పుడు నిజం రాసి పోగొడ్తివి. నా సర్టిఫికెట్ నీకేం పాపం జేసిందే?"

మైదానంలో అందరూ మా వైపే చూస్తున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత అన్నా అన్నాడు, తిట్టడానికే అయినా అన్నాడు. ఆ సంతోషంలో ఉండగానే నాకు ఇంకో మాట తట్టింది.

"గప్పుడు రాసింది అబద్ధమని నీకెట్ల తెల్సు భాయ్? నేను నీకు చెప్పింది లేకపాయె. చెప్పినప్పుడేమో నువ్వు బండి మీద లేకపోతివి. ఎవడన్న ప్యాసింజర్ ఊదితే నేను విని ఉండొచ్చు గదా?"

ఆయన గొంతు ఒక్కసారి తగ్గిపోయింది. డిపో వాళ్ళెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు. నన్ను పక్కకు లాక్కుపోయి చాయ్ బండి దగ్గర కూర్చోబెట్టాడు.

"అది కాదే. ఆ దినం నేను విజిల్ ఇంట్ల మర్చిపోయిన."

"ఏందీ?"

"పొద్దటి సంది బస్సు రేకు మీద కొట్టుకుంట నడిపిచ్చిన. ఒకటి కొడితే ఆపినవు, రెండు కొడితే పోయినవు. నీకు యాదికే లేదు. రెండు విజిళ్ళు వినపడ్డయని నువ్వు రాసినవని తెల్వంగనే నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే."

"మరి ఎదురెందుకు రాయలేదు?"

"ఏమని రాయాలె? విజిల్ లేకుండ డ్యూటీ ఎక్కిన, గందుకే వెయ్యలేదని రాయాల్నా? దానికి ఇంకో మెమో ఇస్తుండ్రి. నోరు మూసుకుని సంతకం పెట్టిన. ఆ దినం సంది తానం చేసేటప్పుడు గూడ దీన్ని తియ్యలే," అని మెడలోని నల్లదారం చూపించాడు.

ఇరవై ఏళ్ళు! ఆయన పెద్ద మనసు తలుచుకుని నేను ఇరవై ఏళ్ళు కుమిలిపోయాను. తీరా చూస్తే అది పెద్ద మనసు కాదు, మర్చిపోయిన విజిల్. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. చాయ్ ఒలికిపోయేదాకా నవ్వాం. చాయ్ పోసే ఆమె, ఫస్టు వచ్చింది వీళ్ళేనేమో అనుకుని రెండో చాయ్ తనే పోసింది.

కోపం మాత్రం పూర్తిగా పోలేదు ఆయనకు. "సర్టిఫికెట్ పాయె, మేకు ఖాళీగనే ఉండె. నువ్వే ఏదన్న రాసియ్యి," అని పట్టుపట్టాడు. రాసిచ్చాను. "డిపో మేనేజరు గారికి" అని మొదలుపెట్టి, ఫలానా ట్రిప్పులో రెండు విజిళ్ళు వినపడినవని నేను రాసినది అబద్ధమనియు, మోకాళ్ళ నొప్పుల చర్చలో పడి కండక్టరును వదిలి వచ్చితిననియు, ఇందులో ఆయన తప్పు ఏమియు లేదనియు, పాత పద్ధతిలోనే, కింద సంతకంతో సహా. ఆయన దాన్ని డిపోకు ఇవ్వలేదు. బజారుకు పోయి బంగారు అంచు ఫ్రేము కట్టించి ఆ మేకుకు తగిలించాడు. గొడుగు ఇప్పుడు తలుపు వెనక ఉంటోంది. వచ్చిన చుట్టాలందరికీ నిలబెట్టి చదివి వినిపిస్తాడు.

నాది నేను రాసిచ్చాను గదా, విజిల్ మర్చిపోయిన సంగతి నువ్వు కూడా రాసియ్యి భాయ్, మా ఇంట్లోనూ గోడ ఉంది అన్నాను. "నాకు పెన్షన్ వస్తది అన్నా, నేను రాయ," అన్నాడు. ఇప్పటికి మూడుసార్లు అడిగాను, రాసివ్వలేదు. అందుకని నేనే ఇక్కడ రాసి అచ్చుకిస్తున్నాను. ఇది చదివిన రోజే మండిపడుతూ మా ఇంటికి వస్తాడు. రానీ. తిట్టినంతసేపు తిట్టించుకుని, చాయ్ ఇచ్చి, ఆ గాజుల బండి మీదే ఇంటి దగ్గర దింపి వస్తాను. ఎక్కాడో లేదో వెనక్కి తిరిగి చూసుకునే కదిలిస్తాను.